దక్షిణాన కరిగే సకారం

మాడ్రిడ్‌లోని అతోచా స్టేషన్ నుంచి సెవిల్‌కి హైస్పీడ్ రైలులో రెండున్నర గంటలు. 1992లో సెవిల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు ఈ మార్గం తెరిచారు. స్పెయిన్‌లో మొదటి హైస్పీడ్ లైన్ ఇదే. కిటికీ పక్కన కూర్చుంటే ముందు కాస్తిల్ పీఠభూమిలోని ఎండు నేలలు, తర్వాత సియెర్రా మొరేనా కొండలు, అవి దాటాక కొర్దోబా చుట్టూ బారులు తీరిన చెట్లు కనిపిస్తాయి. కళ్ళు మూసుకుని చెవులు తెరుచుకుని కూర్చున్నవాళ్ళకి అదే దారిలో ఇంకో ప్రయాణం జరుగుతుంది. కొండలకి అటువైపు ఒకలా పలికిన హల్లులు ఇటువైపు మరోలా పలుకుతాయి. కొన్ని పూర్తిగా మాయమవుతాయి. నేను స్పెయిన్ వెళ్ళింది వాటిని వినడానికే.

మాడ్రిడ్‌లో ముందుగా పట్టుకోవలసింది రెండు శబ్దాల తేడా. స్పానిష్‌లో 'ఎస్' అక్షరానిది ఒక శబ్దం. 'జెడ్'కి, ఎ, ఇ అచ్చుల ముందు వచ్చే 'సి'కి ఇంకో శబ్దం. మొదటిది స. రెండోది నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి గాలి వదిలితే వచ్చేది, ఇంగ్లిష్ 'థింక్' మొదట్లో ఉండే శబ్దం. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి ఇక్కడ 'థ' అనే రాస్తున్నాను. 'కథ'లో మనం పలికే థ వేరు. ఆ అసలు థ కూడా ఈ దారిలో ముందుముందు ఎదురవుతుంది. మాడ్రిడ్ మనిషి 'కాస' అంటే ఇల్లు, 'కాథ' అంటే వేట. 'కొసేర్' కుట్టడం, 'కొథేర్' ఉడకబెట్టడం. అక్కడి స కూడా అచ్చంగా మన స కాదు. నాలుక కొసను పైకి లేపి పైపంటి చిగురుకి ఆనీ ఆనకుండా పలుకుతారు. తెలుగు చెవికి అది స, ష ల నడుమ ఎక్కడో వినిపిస్తుంది. 'హోత' అని పిలిచే 'జె' అక్షరం గొంతు లోపలి నుంచి గీరుకుంటూ వస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో 'ఖబర్' అనే మాటలో వినపడే ఖ అది. త, ద లు మాత్రం మనవే. పళ్ళకి నాలుక తాకించి, ఊపిరి ఒత్తకుండా పలికే త కోసం ఇంగ్లిష్ వాళ్ళు ఏళ్ళు కష్టపడతారు. తెలుగువాళ్ళకి అది పుట్టుకతో వచ్చినదే.

స్పానిష్ భాష నియమాలు చూసే రాయల్ స్పానిష్ అకాడమీ ఉన్నది ఈ ఊళ్ళోనే. 1713లో పుట్టిన సంస్థ. ప్రాదో మ్యూజియం వెనక వీధిలో దాని భవనం ముందు నుంచి చాలాసార్లు నడిచాను. ఆ గుమ్మం ముందు నిలబడి దారినపోయేవాళ్ళ మాట విన్నా తెలుస్తుంది, రాజధాని నోరు కూడా పుస్తకంలో ఉన్నట్టు ఉండదని. 'సంగతేమిటంటే' అనడానికి వాళ్ళు వాడే 'ఎస్ కె' కాస్తా 'ఎఖ్‌కె' అయిపోతుంది. అలసిపోయాను అనే 'కన్సాదో'లో ద ఆవిరై 'కన్సావో' మిగులుతుంది. చాలామంది తమ ఊరి పేరునే 'మద్రిథ్' అంటారు, లేదా చివరి ద వదిలేసి 'మద్రీ' అంటారు. దక్షిణాది వాళ్ళు హల్లులు మింగేస్తారని ఇదే ఊళ్ళో నాకు చెప్పినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఒకరిద్దరు ఆ మాటనీ 'ఎఖ్‌కె'తోనే మొదలుపెట్టారు.

సెవిల్‌లో గ్వాదల్కివీర్ నదికి పడమటి ఒడ్డున త్రియానా అనే పేట ఉంది. పూర్వం కుమ్మరులు, నావికులు, కమ్మరం చేసే జిప్సీలు కాపురముండిన చోటు. అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. తాళాలు చేతికిస్తూ ఆవిడ చెప్పిన మొదటి వివరాల్లోనే ప్రయాణం సార్థకమైంది. రెండు అనే 'దొస్' ఆవిడ నోట 'దొః'. మూడు 'త్రెః'. కాస్త అటూ ఇటూ అనే 'మాస్ ఓ మేనోస్' వట్టి 'మా ఓ మేనో'. పదం చివర ఉండాల్సిన స ఒక చిన్న ఊపిరిగా మారుతోంది, కొన్నిచోట్ల ఆ ఊపిరి కూడా లేదు.

విసర్గతో రాయడం ఏదో సౌకర్యానికి కాదు, ఇక్కడ సరిగ్గా అదే జరుగుతోంది. సంస్కృతంలో 'మనస్' చివరి స ఊపిరిగా మారి 'మనః' అయింది. 'నమస్' 'నమః' అయింది. నాలుక కొస పనిచేయడం మానేసి గొంతు ఒక్కటే గాలి వదిలితే స కాస్తా హ అవుతుంది. వేల ఏళ్ళ కింద గంగా సింధు మైదానాల్లో జరిగిన మార్పు, దానితో ఏ సంబంధమూ లేకుండా గ్వాదల్కివీర్ ఒడ్డున మళ్ళీ జరిగింది. ఒక తేడా ఉంది. సంస్కృతంలో త పక్కకి వస్తే స తిరిగి నిలబడుతుంది. అందుకే 'నమః' అయినా 'నమస్తే' అంటాం. సెవిల్‌లో త ముందు కూడా స నిలవదు. అక్కడ దానికి ఏమవుతుందన్నది ఈ ఊరికే ప్రత్యేకమైన సంగతి. దాని దగ్గరికి వస్తాను.

కొన్నాళ్ళు పోయాక చనువు కలిగి పెద్దావిడని అడిగాను, "అమ్మా, మీరు మాట చివర స పలకరా?" అని.

"పలక్కపోవడమేమిటి నాయనా, పలుకుతూనే ఉన్నాగా! ఇప్పుడు కూడా పలికాను, వినలేదూ?" అంది.

ఆవిడ అన్నది నిజం. ఆవిడకి ఆ ఊపిరే స. ధ్వని శాస్త్రవేత్తలు ఎంతో శ్రమపడి చెప్పేది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. చెవి వినేది శబ్దాన్ని కాదు, తన భాషలో ఆ శబ్దానికి ఉన్న చోటుని. నా చెవిలో ఖాళీగా ఉన్న చోట ఆవిడ చెవిలో నిండుగా స ఉంది.

ఆవిడ నన్ను పిలిచే పిలుపు 'మి ఆర్మ'. నా ప్రాణమా అని అర్థం. మాట 'ఆల్మ' కాగా, హల్లుకి ముందు వచ్చే ల ఈ ప్రాంతంలో ర అవుతుంది. సెవిల్‌లో కూరగాయలమ్మే ఆవిడ దగ్గర నుంచి బస్సు డ్రైవరు దాకా ఎవరినైనా ఆ పిలుపుతో పలకరించవచ్చు.

త్రియానా బజారు నది మీది వంతెన పక్కనే ఉంది. దాని కింద సాన్ హోర్హె కోట శిథిలాలున్నాయి. స్పానిష్ మత విచారణ సభ కొన్ని శతాబ్దాలు కొలువు తీరిన కోట అది. పైన ఇప్పుడు చేపలు, హామ్ తొడలు, నారింజలు. చేపల కొట్టు ముందు నిలబడితే చాలు, హల్లుల పాఠం ఉచితం. చేప 'పెస్కాదో'లో స ఊపిరైంది, ద పోయింది, మిగిలింది 'పెహ్‌కావో'. చోకో అనే జలచరం, మన తీరంలో కండవాయి అనే రకం, అది 'షోకో' అయింది. చ కాస్తా ష కావడం సెవిల్, కాదిస్ వీధుల్లో బాగా వినిపిస్తుంది. కుర్రాడు 'ముచాచో' ఇక్కడ 'ముషాషో'. 'హోత' కూడా గీరుకోదు, మెత్తని హ అవుతుంది. ఉత్తరాది చెవికి ఈ మెత్తదనమే బద్ధకంలా తోస్తుంది. నాకు అలా అనిపించలేదు. బేరం ఆడే వేగంలో ఆ కొట్టువాడు ఒక్క క్షణం కూడా అర్థం చెడకుండా మాట్లాడాడు. కొనేవాళ్ళు ఒక్కసారి కూడా మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు త పక్కన స సంగతి. 'పాస్తా' అనే మాట తీసుకుందాం. స ఊపిరైతే 'పహ్‌త' కావాలి. పెద్దవాళ్ళలో చాలామంది అలాగే అంటారు. నడి వయసు వాళ్ళ దగ్గర ఆ ఊపిరి త ముందు నుంచి త వెనక్కి దూకుతుంది. త పలికాక ఊపిరి వస్తుంది. త మీద ఊపిరి పడితే ఏమవుతుందో తెలుగు బడిలో అక్షరాలు దిద్దిన ప్రతి పిల్లకీ తెలుసు. అది థ, 'కథ'లో ఉండే మన థ. సెవిల్‌లో నేను 'పథ' విన్నాను. పండుగ 'ఫియెస్తా'ని 'ఫియెథ'గా విన్నాను. స్పానిష్‌కి వత్తు అక్షరాలే లేవు. లాటిన్ నుంచి దానికి అవి రాలేదు. ఎక్కడి నుంచీ అరువు తెచ్చుకోకుండా, తన స ని కరిగించుకుని, ఒక మహాప్రాణాన్ని ఈ ఊరు తనంతట తానే పుట్టించుకుంటోంది. గత రెండు దశాబ్దాల్లో ధ్వని శాస్త్రవేత్తలు దీన్ని యంత్రాలతో కొలిచి నిర్ధారించారు. అక్కడితో ఆగలేదు. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల కాఫీ కొట్లలో కుర్రవాళ్ళు, ముఖ్యంగా అమ్మాయిలు, ఆ థ ని ఇంకా ముందుకు నెట్టి 'పౘ' అంటున్నారు. మనం 'ౘలి', 'ౘాప' అన్నప్పుడు పలికే దంత్య ౘ. అమ్మమ్మ పహ్‌త, అమ్మ పథ, మనవరాలు పౘ. ఒకే ఇంట్లో మూడు తరాల్లో ఒక హల్లు ఎంత దూరం నడిచిందో ఒకే భోజనాల బల్ల దగ్గర వినవచ్చు. ఈ ప్రయాణంలో నన్ను అన్నిటికంటే కదిలించింది ఇదే. భాషా చరిత్ర పుస్తకాల్లో వందల ఏళ్ళకి పరుచుకుని కనిపించే మార్పు ఇక్కడ నా కళ్ళెదుటే జరుగుతోంది.

ఆ దంత్య ౘ స్పానిష్‌కి కొత్తది కాదన్నది ఇంకా విశేషం. మధ్యయుగాల కాస్తిల్ భాషలో ఇలాంటి ఊష్మాలు ఆరు ఉండేవి. మన లిపిలో రాస్తే ౘ, ౙ, స, దాని నాద రూపమైన జెడ్ శబ్దం, ష, దాని నాద రూపం. తెలుగువాళ్ళం 'ౘుక్క', 'ౙాబు' అంటూ ఇప్పటికీ పలుకుతున్న ౘ, ౙ లు వాళ్ళ దగ్గర 16వ శతాబ్దం నాటికి మెత్తబడి స లాంటివయ్యాయి. నాద రూపాలు శ్వాస రూపాల్లో కలిసిపోయాయి. ఇంక మిగిలినవి మూడు: పంటి మీద పలికే కొత్త స, చిగురు మీద పలికే పాత స, దాని వెనక ష. మూడూ ఒకదానికొకటి మరీ దగ్గర. ఉత్తరాదిలో ఈ ఇరుకు నుంచి బయటపడటానికి ఒకటి ముందుకు జరిగి పళ్ళ మధ్య థ అయింది, మరొకటి వెనక్కి జరిగి గొంతులో ఖ అయింది. సెవిల్‌లో ఇంకో దారి పట్టారు. రెండు స లనీ కలిపేశారు. ష ని వెనక్కి పంపి హ చేశారు. సెవిల్‌లో 'కాస' అంటే ఇల్లూ కావచ్చు, వేటా కావచ్చు. సందర్భమే చెబుతుంది.

స్పెయిన్ రాజొకడికి నత్తి ఉండేదని, కొలువులో అందరూ అతన్ని అనుకరించడంతో థ పుట్టిందని ఒక కథ ప్రపంచమంతా తిరుగుతోంది. నా పక్క సీటులో కూర్చున్న యాత్రికుడు కూడా రైల్లో నాకదే చెప్పాడు. అది నిజం కాదు. నత్తి ఉన్నవాడు ప్రతి స నీ థ అంటాడు. మాడ్రిడ్ వాళ్ళు స ని స గానే ఉంచి, ఒకప్పటి ౘ, ౙ లను మాత్రమే థ చేశారు. ఒక్క రాజు నోటి మీద తోసెయ్యలేనంత క్రమమైన మార్పు అది.

సెవిల్ పట్టిన దారి ఒక ఊరి ముచ్చటగా మిగిలిపోకపోవడానికి కారణం కేథడ్రల్ పక్కనున్న ఎర్రటి రాతి, ఇటుక భవనంలో ఉంది. హువాన్ దె ఎర్రేరా వర్తకుల కోసం రూపకల్పన చేసిన ఆ భవనంలో 1785లో మూడో కార్లోస్ రాజు ఇండీస్ దస్తావేజుల భండారాన్ని నెలకొల్పాడు. అమెరికా ఖండాల్లో స్పెయిన్ పాలనకి సంబంధించిన కాగితాలన్నీ అక్కడికి చేరాయి. పై అంతస్తులో బారులు తీరిన చెక్క అరల మధ్య నడుస్తుంటే ఈ నగరం ఏం చేసిందో అర్థమవుతుంది. 1503లో ఇక్కడ వర్తక గృహం పెట్టారు. ఆ తర్వాత రెండు శతాబ్దాలు కొత్త ఖండానికి వెళ్ళే ఓడలు, సరుకులు, మనుషులు అంతా సెవిల్ కళ్ళముందు నుంచే వెళ్ళాలి. ఉత్తరాది వాళ్ళు కూడా ఓడ కోసం వారాలు, నెలలు ఇక్కడ కాచుకుని ఉండేవాళ్ళు. పీటర్ బాయిడ్-బౌమన్ అనే పండితుడు తొలి వలస వాళ్ళ పేర్లు, ఊర్లు ఒక్కొక్కటే ఏరి పట్టికలు తయారుచేశాడు. 1519 దాకా వెళ్ళినవాళ్ళలో దాదాపు 40 శాతం అందలూసియా, అంటే సెవిల్ ఉన్న ఈ దక్షిణ ప్రాంతం వాళ్ళు. స్త్రీలలో అయితే మూడింట రెండు వంతులు. పిల్లలకి మాట నేర్పేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వలస జనం ఇంటికి రాసుకున్న ఉత్తరాలు ఈ భండారంలోనే దొరికాయి. భార్యని రమ్మని భర్త, తమ్ముడిని పిలిపించుకునే అన్న, డబ్బు పంపానని చెప్పే కొడుకు. ఓడ ఎక్కడానికి అనుమతి కోసం ఆ ఉత్తరాలను సాక్ష్యంగా దాఖలు చేసేవాళ్ళు. అందుకే మిగిలాయి. 1540 నుంచి 1616 వరకు రాసిన వాటిని ఎన్రికె ఒత్తె అనే చరిత్రకారుడు సేకరించి 1988లో పుస్తకంగా వేశాడు. భాషా పరిశోధకులకి ఇలాంటి రాతల్లో వర్ణక్రమ దోషాలే నిధి. జెడ్ రాయాల్సిన చోట ఎస్ రాసినవాడు ఆ రెండిటినీ ఒకేలా పలికాడన్నమాట. బాగా చదువుకున్న గుమాస్తా తన నోటిని దాచిపెడతాడు. అంతంతమాత్రం చదువుకున్న చెల్లెలు దాచలేదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత మనకి ఆమె గొంతే వినిపిస్తుంది.

ఈ రోజు దాదాపు 50 కోట్ల మంది మాతృభాష స్పానిష్. వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా సెవిల్ పద్ధతిలోనే కాస, కాస అంటారు, థ వాళ్ళకి లేదు. అయితే పదం చివరి స ఊపిరిగా మారడం అన్నిచోట్లకీ చేరలేదు. భాషా చరిత్రకారుడు రామోన్ మెనెందెస్ పిదాల్ 1962లో దీని గురించి ఒక గొప్ప వ్యాసం రాశాడు. ఓడలు ఆగే హవానా, కార్తహేనా లాంటి రేవుల్లో సెవిల్ ఊపిరి నిలిచింది. మాడ్రిడ్ కొలువుతో సంబంధం ఉన్న కొండ నగరాలు మెక్సికో, బొగోతా, కీతో లాంటివి స ని గట్టిగా పట్టుకున్నాయి. పటం మీద స కరిగే ప్రాంతాలకి రంగు వేస్తూ పోతే చాలావరకు ఓడల దారులే బయటపడతాయి.

సెవిల్ నుంచి కాదిస్ వెళ్ళే రైలు ఈ కథని ఊరూరా ఆగి చెబుతుంది. మొదట లెబ్రీహ. కాస్తిల్ భాషకి తొలి వ్యాకరణం రాసిన ఆంతోనియో దె నెబ్రీహ ఈ ఊరివాడు. 1492లో, కొలంబస్ బయల్దేరిన ఏడాదే, ఆ పుస్తకం అచ్చయి ఇసబెల్ రాణి చేతికి వెళ్ళింది. పలికినట్టే రాయాలి, రాసినట్టే పలకాలి అన్నది ఆయన పట్టుదల. యాభై ఏళ్ళు తిరక్కుండానే హువాన్ దె వల్దేస్ అనే కాస్తిల్ పండితుడు, నెబ్రీహ అందలూసియా వాడు కాబట్టి కాస్తిల్ భాషలో అతని మాట నమ్మలేమన్నాడు. దక్షిణాది నోటి మీద చిన్నచూపుకి అయిదు వందల ఏళ్ళ వయసుందన్నమాట. లెబ్రీహ స్టేషన్లో ఎక్కిన రైతు దంపతులు మాట్లాడుకుంటుంటే విన్నాను. వాళ్ళది సెవిల్ పద్ధతి కూడా కాదు. రెండు స లనీ కలిపి థ వైపుకి తీసుకెళ్ళారు. ఇల్లు కూడా 'కాథ', వేట కూడా 'కాథ'. సెవిల్ నగరం చుట్టూ పల్లెల్లో, కాదిస్ జిల్లా చాలా భాగంలో ఇదే. స్పానిష్ ప్రపంచంలో ఇంతగా వెక్కిరింపుకి గురైన పలుకుబడి ఇంకోటి లేదు.

తర్వాత హెరేస్. ఒకప్పుడు ఈ ఊరి పేరులో మొదటి హల్లు ష. అప్పుడు ఇక్కడి ద్రాక్ష సారాయి కొనుక్కెళ్ళిన ఇంగ్లిష్ వర్తకులు విన్నది విన్నట్టే 'షెర్రీ' అనుకున్నారు. ఊరు తన ష ని హ చేసుకుని వెళ్ళిపోయింది, సీసా మీద పేరు మాత్రం 16వ శతాబ్దంలోనే ఆగిపోయింది. 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టిన యూదులు కూడా ఇలాగే ఇస్తాంబుల్, థెస్సలోనికీలకి ఆ ష ని తమతో తీసుకెళ్ళారు. వాళ్ళ లదీనో భాషలో 'అతను అన్నాడు' అనడానికి ఇప్పటికీ 'దీషో' అంటారు. తరిమేసిన వాళ్ళ నోళ్ళలో తరిమినవాళ్ళ పాత భాష అయిదు శతాబ్దాలు బతికింది.

సాన్ ఫెర్నాందో దగ్గర ఉప్పు మడులు మొదలవుతాయి. ఫ్లమెంకో గాయకుడు కమరోన్ పుట్టిన ఊరు. ఇక్కడ థ. పదిహేను కిలోమీటర్ల దూరం కూడా లేని కాదిస్ నగరంలో మళ్ళీ స. మధ్యలో సముద్రాన్ని చీల్చుకుపోయే సన్నటి ఇసుక మెడ ఒక్కటే. ఫ్లమెంకోలో లోతైన పాటని 'కాంతె హోందో' అంటారు. లోతు అనే మాట పుస్తక స్పానిష్‌లో 'ఓందో'. లాటిన్‌లో ఫ తో మొదలై, హ అయి, ఉత్తరాదిలో ఆ హ కూడా రాలిపోయింది. దక్షిణాది పల్లెలు హ ని వదల్లేదు. 1922లో గ్రనాదాలో సంగీతకర్త మానుయెల్ దె ఫాయా, కవి ఫెదెరీకో గార్సియా లోర్కా కలిసి ఆ పాటకి పోటీ నిర్వహించినప్పుడు పేరులో ఆ పల్లె హ ని అలాగే ఉంచారు. హల్లులు మింగేస్తారని పేరుపడ్డ జనం, రాజధాని మింగేసిన హల్లుని దాచి ఉంచారు.

కాదిస్‌ని ఊరివాళ్ళు 'కాయి' అంటారు. మూడు వేల ఏళ్ళ కింద ఫినీషియన్లు కట్టిన రేవు. గ్వాదల్కివీర్‌లో ఇసుక మేట వేసి పెద్ద ఓడలు సెవిల్ దాకా రాలేకపోవడంతో 1717లో వర్తక గృహం ఇక్కడికి మారింది. పాతూళ్ళో ఒక చేపల వేపుడు కొట్టుకి రోజూ వెళ్ళేవాణ్ణి. కాగితం పొట్లంలో వేడివేడిగా 'పెహ్‌కాయితో' ఇస్తారు. వేపేది హవానా నుంచి వచ్చిన కుర్రాడు. డబ్బులు తీసుకునేది కీతో నుంచి వచ్చిన ఆవిడ. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి మాట్లాడుతుంటే నేను భండారంలో చూసిన చరిత్ర అంతా ఆ గల్లాపెట్టె వెనక నిలబడినట్టే ఉండేది. కుర్రాడి స లు కాదిస్ వాళ్ళవిలాగే ఊపిరిగా పోయేవి. అదనంగా అతను హల్లు ముందున్న ర ని పక్క హల్లులో కలిపేసేవాడు. తలుపు 'ప్వెర్త' కాస్తా 'ప్వెత్త', ఎందుకంటే అనే 'పొర్కె' 'పొక్కె'. వర్ణం వన్నె అయినట్టు, ధర్మం పాళీలో ధమ్మం అయినట్టు. కీతో ఆవిడ ఒక్క స కూడా వదిలేది కాదు. పైగా పదం చివరి స పక్కన అచ్చు వస్తే దాన్ని జెడ్‌గా మోగించేది. 'లోజ్ అమీగోస్' అనేది. వీధి అనే మాట కాదిస్ వాళ్ళ నోట 'కాయె' అయితే ఆవిడ నోట ష కి నాద రూపంతో 'కాఝె'లా వినపడేది. అదే మాటని బ్యూనస్ ఎయిరిస్ నుంచి వచ్చి నా పక్క గదిలో దిగిన ఆయన పూర్తిగా 'కాషె' అనేవాడు.

"ఈ అబ్బాయి మా ఊరివాడే అనుకున్నాను మొదట్లో" అంది వరుసలో నిలబడ్డ ఒక పెద్దావిడ, హవానా కుర్రాణ్ణి చూపించి. "వాలెన్సియా నుంచి వచ్చిన మా అల్లుడి మాట కంటే వీడి మాటే నాకు సొంత మాటలా ఉంటుంది."

ఆవిడ రిటైరైన బడి పంతులమ్మ. సాన్ ఫెర్నాందోలో చాలా ఏళ్ళు పనిచేసిందట. తర్వాత కలిసినప్పుడు సముద్రపు గోడ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. థ తో మాట్లాడే పిల్లలని చదువు రానివాళ్ళుగా చూడటం ఆ రోజుల్లో మామూలేనట. మాడ్రిడ్‌లో ఉద్యోగానికి వెళ్ళిన ఆవిడ విద్యార్థులు కొందరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక నోటితో, ఆఫీసులో ఇంకో నోటితో మాట్లాడేవాళ్ళట. టీవీ సీరియళ్ళలో పనిమనిషి పాత్రకీ, నవ్వించే పాత్రకీ అందలూసియా యాస పెట్టడం స్పెయిన్‌లో ఎప్పటినుంచో ఉంది. వింటుంటే మన సినిమాలు గుర్తొచ్చాయి. తెలంగాణ యాస రౌడీకి, శ్రీకాకుళం యాస నౌకరుకి, రాయలసీమ యాస కత్తి పట్టినవాడికి ఇచ్చి, నాయకుడి చేత మాత్రం వేరే తెలుగు మాట్లాడించిన దశాబ్దాలు మనకీ ఉన్నాయి. ఆ బాధ నాకు తెలిసినదే కాబట్టి ఆవిడ చెప్పింది ఏ వివరణా లేకుండా అర్థమైంది. 1989లో అందలూసియా సొంత టీవీ చానెల్ కనాల్ సూర్ మొదలైంది. ఈ రోజు అకాడమీ పుస్తకాలే థ లేని పలుకుబడిని శిష్టమైనదని ఒప్పుకుంటాయి. పల్లెల థ కి మాత్రం ఆ గౌరవం ఇంకా దక్కలేదు. దక్కాలని నేను మనసారా అనుకుంటున్నాను. నెబ్రీహ సొంత ఊరి మాట అది.

కాదిస్ నుంచి తూర్పుగా గ్రనాదా చేరాను. అల్హంబ్రా చూడ్డానికి వచ్చినవాళ్ళు కొండ ఎక్కుతుంటే నేను కింద బజారులో నిలబడ్డాను. పదం చివర స ఇక్కడ ఊపిరిగా కూడా లేదు, బొత్తిగా పోయింది. స్పానిష్‌లో బహువచనం తెలిపేది ఆ స యే. అది పోతే ఒకటో, పదో ఎలా తెలుస్తుంది? గ్రనాదా వాళ్ళు ఆ భారం అచ్చులకి అప్పగించారు. పిల్లాడు 'నీఞొ' అన్నప్పుడు చివరి ఒ మూసుకుని ఉంటుంది. పిల్లలు అన్నప్పుడు అదే ఒ నోరు బాగా తెరిచి పలుకుతారు. చివరి అచ్చుతో పాటు పదంలోని ముందు అచ్చులు కూడా చాలాసార్లు తెరుచుకుంటాయి. టొమాటోలు అమ్మే ఆవిడ దగ్గర ఈ తేడా వినడానికి నాకు చాలా సమయం పట్టింది. పట్టుబడ్డాక మాత్రం ఎంత స్పష్టంగా ఉందో! ధ్వని శాస్త్రవేత్త తోమాస్ నవార్రో తోమాస్ ఈ అచ్చుల చీలిక గురించి 1939లో రాశాడు. అంతర్యుద్ధం ముగిసిన, ఆయన దేశం విడిచి వెళ్ళిన సంవత్సరం అది. ఆయన ఆధ్వర్యంలో 1931 నుంచి పరిశోధకులు ఊరూరా తిరిగి రైతులనీ గొర్రెల కాపరులనీ కూర్చోబెట్టి మాటలు పలికించి రాసుకున్నారు. 1936లో యుద్ధంతో పని ఆగిపోయింది. నోటు పుస్తకాలు ఆయనతో పాటే అట్లాంటిక్ దాటాయి. అలా సేకరించిన మాటలతో వేసిన పటాల మొదటి సంపుటం 1962లో గానీ రాలేదు. నవార్రో తోమాస్ మళ్ళీ స్పెయిన్‌లో స్థిరపడలేదు, 1979లో అమెరికాలోనే కన్నుమూశాడు. కాపరుల నోటి మాట కోసం అంత శ్రద్ధ పెట్టిన మనిషికి ఆ నోళ్ళు మళ్ళీ వినే అవకాశం దొరకలేదు.

చివరి మజిలీ మాలగా. అక్కడా, గ్రనాదాలోనూ ఇప్పుడు ఇంకో మార్పు నడుస్తోంది. తాతలు రెండు స లనీ కలిపేసిన ఇళ్ళలో, చదువుకున్న పిల్లలు ఉత్తరాది లాగా స నీ థ నీ విడదీసి పలుకుతున్నారు. వదిలేసిన భేదాన్ని మళ్ళీ తెచ్చుకోవడం భాషల్లో అరుదు. బడి, టీవీ, ఉద్యోగాలు దానికి కారణాలని పరిశోధకులు చెబుతారు. దక్షిణాది నోరు ఓడిపోతోందని కొందరు బాధపడతారు కూడా. విమానాశ్రయానికి వెళ్ళే లోకల్ రైలులో నా పెట్టె ఎత్తిపెట్టిన విద్యార్థినితో మాట్లాడాక నాకు అలా అనిపించలేదు. ధన్యవాదాలు అనే మాట ఉత్తరాన 'గ్రాథియస్', సెవిల్‌లో 'గ్రాసియః'. ఈ అమ్మాయి నడుమ ఉత్తరాది థ ని స్పష్టంగా పలికి, చివరి స ని దక్షిణాది పద్ధతిలో పూర్తిగా వదిలేసి, 'గ్రాథియా' అంది. తనకి కావలసిన హల్లుని మాడ్రిడ్ నుంచి తీసుకుంది, అక్కర్లేనిదాన్ని అక్కడే వదిలిపెట్టింది.